గీత లేస్తోందని చెప్పండి

భర్త అన్నగారితో భార్య నేరుగా మాట్లాడకూడదన్న నియమం ఎవరు పెట్టారో నాకు తెలియదు. ఎవరైనా గానీ, వాళ్లు టర్బైను పక్కన ఉద్యోగం చేసినవాళ్లు మాత్రం అయి ఉండరు. చేసి ఉంటే మొదటిరోజు మధ్యాహ్నానికే ఆ నియమాన్ని తీసుకెళ్లి బాయిలర్లో పడేసేవాళ్లు. నేను పడెయ్యలేదు. ఏళ్ల తరబడి మోశాను. వంట, బస్సు, డ్యూటీ, మళ్లీ బస్సు, మళ్లీ వంట, వీటన్నిటి మీదా అదొకటి.

మా పుట్టిల్లు టెక్కలి దగ్గర. మా అమ్మ తన బావగారికి వడ్డిస్తూ "ఇంకొంచెం పులుసు ఎయ్యనా బావా" అని మామూలుగా అడిగేది. ఆయన "ఇది కడుపనుకున్నావా, సెరువనుకున్నావా" అని నవ్వేవాడు. అలాంటి ఇంట్లో పెరిగి బరంపురం కోడలినయ్యాను. మా అత్తగారు పుట్టింది పొలసరలో, చుట్టూ ఒడియా ఇళ్ల మధ్య. వాళ్లింట్లో భాష తెలుగే, కట్టుబాట్లు మాత్రం పక్కింటి గోడ దూకి వచ్చేశాయి. ఒడియావాళ్లు మొగుడి అన్నని దేఢశుర అంటారు. తమ్ముడి భార్య ఆయన ఎదట నిలబడకూడదు. ముఖం చూపకూడదు. పలకరించకూడదు. పొరపాటున చెయ్యి తగిలిందా, ఇద్దరూ పసుపునీళ్లతో తలస్నానం చెయ్యాలి. పెళ్లయిన మర్నాడే అత్తగారు నన్ను పెరట్లోకి పిలిచి చెప్పింది.

"మీ కాడ ఎలగుంటాదో నాకు తెల్దు. ఈ ఇంట్లో పెద్దోడి ముందర కోడలి గొంతు ఇనబడకూడదు. ఏటి, ఇన్నావా?"

విన్నాను. అప్పటికి మా బావగారి భార్య పోయి కొన్నేళ్లయింది. పిల్లల్లేరు. మాతోనే ఉండేవారు. మంచి మనిషి, మాట తక్కువ. ఆయనకి అన్నం పెట్టాలంటే కంచం గడప దగ్గర పెట్టి గోడ చాటుకి తప్పుకునేదాన్ని. ఏదైనా చెప్పాలంటే మా ఆయనతో చెప్పేదాన్ని, ఆయన వెళ్లి అన్నతో చెప్పేవాడు. "మీ ఇద్దరి మద్దెనా నాను టెలిఫోను ఎక్స్ఛేంజినైపోనాను" అని విసుక్కునేవాడు. విసుక్కున్నా నష్టం లేదు, ఆయనకి ఊళ్లో కరెంటు సామాన్ల కొట్టుండేది, అందులో ఈగలు తోలడం తప్ప ఇంకో పని ఉండేది కాదు.

ఇంట్లో ఎలాగో నెట్టుకొచ్చేయొచ్చు. తంటా ఏమిటంటే, బావగారూ నేనూ ఒకేచోట పనిచేసేవాళ్లం.

ఛత్రపూర్ దాటాక సముద్రం వైపు ఒక ఫ్యాక్టరీ ఉండేది. పేరెందుకు లెండి. దానికి సొంత పవర్‌హౌసు. ఒక బాయిలరు, ఒక టర్బైను. ఆ టర్బైనుకి పునాది రాయి వేసిన నాటి నుంచీ మా బావగారు అక్కడున్నారు, ఆపరేటరుగా చేరి షిఫ్టు ఇన్‌ఛార్జి అయ్యారు. నేను ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో డిప్లొమా చేసి పరీక్ష రాసి చేరాను. ఆయన సిఫార్సుతో వచ్చానని కొందరనేవాళ్లు. సిఫార్సు చెయ్యాలంటే ముందు మాట్లాడుకోవాలి కదా అని నేననేదాన్ని.

పొద్దున్నే ఒకే ఇంట్లోంచి ఒకే బస్సుకి ఇద్దరం బయల్దేరేవాళ్లం. ఆయన ముందు, వీధి చివరకి వెళ్లాక నేను. ఆయన బస్సులో ముందు సీట్లో, నేను వెనక ఆడవాళ్ల సీట్లో. చాలాకాలం మా ఇద్దరిదీ ఒకే ఇల్లని కండక్టరుకి తెలియనే తెలియదు. తెలిసిన రోజున అతను నోరు వెళ్లబెట్టి, "అరె, మీరిద్దరూ కోర్టు కేసులో ఉన్నారనుకున్నానమ్మా" అన్నాడు.

ఇప్పుడు నా పని గురించి కొంచెం చెప్పాలి. బాయిలర్లో నీళ్లు ఆవిరవుతాయి, ఆ ఆవిరి ఎర్రగా కాలిన గొట్టాల్లోంచి విపరీతమైన వేడితో, విపరీతమైన ఒత్తిడితో టర్బైనులోకి దూకుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ గొట్టాల లోపలి గోడలకి నల్లటి పెచ్చు కడుతుంది. బాయిలరు ఆగి చల్లారి మళ్లీ వేడెక్కినప్పుడు ఆ పెచ్చు చిట్లి రేణువులై ఆవిరితో కొట్టుకొస్తుంది. రేణువంటే మన కంట్లో పడితే నలుపుకుని వదిలేసేంత. కానీ ఆ వేగంలో అది బ్లేడుకి తగిలితే ఉక్కు కూడా కొరుక్కుపోతుంది. నేను చేరకముందు ఒకసారి టర్బైను విప్పితే మొదటి వరస బ్లేడ్ల అంచులు ఎలకలు కొట్టేసిన బట్టలా ఉన్నాయట. కొత్త రోటరు తెప్పించి బిగించారు. బిగించిన రోజే యజమానుల మనిషి ఒకాయన వచ్చి అందర్నీ వరసగా నిలబెట్టి చెప్పాడట. ఈసారి బ్లేడ్లు పోతే కొత్తవి రావు, పవర్‌హౌసు మూసేస్తాం, మీ ఇళ్లకి మీరు పొండి అని.

ఆ మాటని మా ఇంట్లో అందరం కంఠతా పట్టేశాం. ఎందుకంటే కొట్టులో ఈగలే కదా. అత్తగారి మందులు, నా ఇద్దరు పిల్లల చదువు, నెలసరుకులు, అన్నీ ఆ టర్బైను తిరిగితేనే నడిచేవి. మా ఇంటి పొయ్యి వెలిగేది ఆ బ్లేడ్ల మీదే.

పాత పద్ధతిలో, బాయిలరు మళ్లీ వెలిగించినప్పుడు ఆవిరిని టర్బైనుకివ్వకుండా ముందు ఆకాశంలోకి వదిలేసేవాళ్లు. ఆ ఆవిరి ధారకి అడ్డంగా మెరుగుపెట్టిన రేకు ఒకటి బిగించి, కాసేపయ్యాక తీసి ఎండలో పెట్టి చూసేవాళ్లు. రేకు మీద గుంటలు పడితే ఇంకా రేణువులొస్తున్నట్టు. మళ్లీ వదలడం, మళ్లీ చూడడం. టర్బైను తిరగడం మొదలయ్యాక లోపలేం జరుగుతోందో దేవుడికే తెలియాలి. కొత్త రోటరుతో పాటు కొత్త యంత్రం వచ్చింది. ఆవిరి గొట్టం వంపు తిరిగేచోట బయట ఒక చెవిలాంటిది బిగించారు. లోపల రేణువు గొట్టం గోడకి తగిలిన ప్రతిసారీ ఆ చప్పుడు అది పట్టుకుంటుంది. అదే క్షణంలో నా బల్ల మీద తెరపై గీత లేస్తుంది. రేణువులు ఎక్కువైతే గీత ఎత్తు పెరుగుతుంది. నా ఉద్యోగం ఆ గీతని కనిపెట్టుకుని ఉండడం, లేస్తే చెప్పడం.

ఎవరికి చెప్పడం? టర్బైను నడిపేవాళ్లకి. టర్బైను నడిపేది ఎవరు? మా బావగారు.

నవ్వొస్తుంది కదా. నాకూ మొదట్లో నవ్వొచ్చేది. ఎక్కడి నుంచో తెప్పించిన యంత్రం కన్నుమూసి తెరిచేలోగా కబురు తెచ్చి నా ముందు పెడుతుంది. ఆ కబురు నా బల్ల నుంచి ఆయన నిలబడ్డ చోటికి, గట్టిగా పదడుగులు లేని దూరానికి, వెళ్లడానికి దారి లేదు.

దారి ఒకాయన రూపంలో దొరికింది. టర్బైను దగ్గర బావగారికి తోడుగా ఒక ఒడియా ఆపరేటరు ఉండేవాడు. వయసులో బావగారికీ నాకూ మధ్యవాడు. అందరూ అతన్ని నానా అని పిలిచేవాళ్లు, ఒడియాలో అన్న అని. అతనికి మా సంగతి చెప్పక్కర్లేదు, వాళ్లింటి ఆచారమే మేం అరువు తెచ్చుకున్నది. నేను తెర వైపే ముఖం పెట్టి, "నానా, గీత లేస్తోందని చెప్పండి" అనేదాన్ని. అతను బావగారి ముందుకెళ్లి, చేత్తో పైకి చూపిస్తూ, నోరు పెద్దగా తెరిచి, "గీత లేస్తందంట, మీ బొహూ సెప్తంది" అనేవాడు. బొహూ అంటే కోడలు. బావగారు చక్రం కొంచెం మూసి, "సూస్తన్నానని సెప్పు" అనేవారు. నానా నా వైపు తిరిగి, "సూస్తన్నారంట" అనేవాడు. నేను మొత్తం విని కూడా, అప్పుడే విన్నట్టు తలూపేదాన్ని.

టర్బైను హాల్లో ఆ హోరులో అందరూ చెవుల్లో దూది పెట్టుకునేవాళ్లు. మాటలకన్నా చేతుల సైగలే ఎక్కువ. బొటనవేలు పైకంటే తెరువు, అరచెయ్యి అడ్డంగా పెడితే ఆపు. నేను ఆ సైగలూ చెయ్యలేను. బావగారి ముఖం మీదకి చెయ్యి ఊపడమే! అత్తగారికి తెలిస్తే ఆవిడ ఆ రోజు అన్నం ముట్టదు. కొంగు తలమీదకి లాక్కుందామంటే డ్యూటీలో కొంగంతా గోధుమరంగు కోటు లోపలికి దోపేసుకోవాలి, తిరిగే యంత్రాల దగ్గర అది నియమం. మిగిలిన మర్యాద ఒక్కటే, ముఖం పక్కకి తిప్పుకోవడం. అలా తిప్పుకుని తిప్పుకుని నా మెడ ఎడమవైపు పట్టేసేది. సాయంత్రం ఇంటికొచ్చి మెడకి అమృతాంజనం రాసుకుంటూ, ఈ నెప్పికి కూడా పేరేదైనా పెట్టాలి అనుకునేదాన్ని.

హాల్లో కుర్రాళ్లు ఏడిపించేవాళ్లు. "అక్కా, నానా సెలవు పెడితే టర్బైనుకి కూడా సెలవేనా?" అని. నిజానికి నానా లేని రోజున బాయిలరు వైపు నుంచి ఇంకొకరు వచ్చి నిలబడేవాళ్లు. మధ్యన ఒక మనిషి ఎప్పుడూ ఉండేవాడు. అందుకే అన్నేళ్లు అలా గడిచిపోయింది, ఎవరికీ అనుమానం రాలేదు.

ఒక వానాకాలం పెద్ద గాలివాన పట్టింది. ఫ్యాక్టరీ ఆపేశారు, బాయిలరు చల్లారిపోయింది. గాలి తగ్గి ఎండ కాశాక మళ్లీ వెలిగించమన్నారు. ఫ్యాక్టరీ వాళ్లకి తొందర. పొద్దుటి నుంచి ఆవిరిని ఆకాశంలోకి వదులుతూనే ఉన్నాం. గీత మొదట చాలా ఎత్తుకి లేచి, మధ్యాహ్నానికి మెల్లగా దిగొచ్చింది. నానా ద్వారా కబురు పంపాను, దిగిందని. బావగారు టర్బైను చక్రం మీద చెయ్యి వేసి మెల్లగా తెరవడం మొదలుపెట్టారు. ఆ చక్రం ఆయన తిప్పుతుంటే చూడాలి, పసిపిల్లకి ఉగ్గు పెడుతున్నట్టు తిప్పేవారు.

అప్పుడు కింద ఒక వాల్వు దగ్గర ఆవిరి కారుతోందని కేక వినబడింది. నానా దాన్ని చూడ్డానికి మెట్లు దిగి వెళ్లాడు. బాయిలరు వైపు వాళ్లందరూ కూడా అక్కడికే పరిగెత్తారు. పైన బావగారు, నేను.

అప్పుడు గీత లేచింది.

కొంచెం కాదు. తెర పైఅంచుకి తగిలేలా లేచింది. బాయిలరు ఇంకా వేడెక్కేసరికి లోపల ఇంకో పెచ్చు ఊడినట్టుంది. నా నోట్లోంచి అలవాటుగా అదే మాట వచ్చింది, గోడ వైపు చూస్తూ. "గీత లేస్తోందని చెప్పండి." చెప్పడానికి ఎవరున్నారు? అయినా బావగారు వింటారు కదా అనుకున్నాను. ఎప్పుడూ వింటూనే ఉన్నారనుకున్నాను. ఆయన చక్రం ఇంకొంచెం తెరిచారు.

ఇంకోసారి అన్నాను, గట్టిగా. ఆయన చెయ్యి ఆగలేదు. నాకు ఒక్కసారిగా కోపం ముంచుకొచ్చింది. ఏమిటీ మనిషి, ప్రాణం పోతున్నా మర్యాదేనా, కోడలి మాట చెవికెక్కినట్టు కనబడకూడదనా అనుకున్నాను. లేచి నిలబడ్డాను. అన్నేళ్లలో మొదటిసారి ఆయన్ని పిలిచాను.

"బావగారూ!"

తిరగలేదు.

"బావగారూ, ఆపండి! రేణువులు!" గొంతు చించుకున్నాను. కింద ఉన్నవాళ్లకి వినబడిందట ఆ కేక. నాకు పదడుగుల లోపున్న ఆయనకి వినబడలేదు. అప్పుడు నాకు అర్థమైంది. ఇది మర్యాద కాదు. ఈయనకి వినబడడం లేదు.

టర్బైనుని ఆపే ఎర్ర బొత్తాం ఆయన కుడిచేతి పక్కన ఉంది. ఆయన్ని దాటి చెయ్యి చాచాలి. చాచాను. నా భుజం ఆయన భుజానికి తగిలింది, ఆయన తూలి నావైపు తిరిగి చెయ్యెత్తారు, కొట్టడానికో ఆపడానికో నాకిప్పటికీ తెలియదు. బొత్తాం నొక్కేశాను. వాల్వు దభీమని మూసుకుంది. పైన సేఫ్టీ వాల్వు విచ్చుకుని ఆవిరి కప్పు మీంచి గర్జించింది. బావగారు తెర వైపు చూశారు. గీతని చూశారు. వెళ్లి ఆవిరిని మళ్లీ ఆకాశంలోకి మళ్లించే వాల్వు తెరవడం మొదలుపెట్టారు. ఇద్దరం ఒకరినొకరు చూసుకోలేదు.

ఆ సాయంత్రం సంగతి బస్సు కన్నా ముందే ఇల్లు చేరిపోయింది. గుమ్మంలోనే అత్తగారు పసుపు కలిపిన బకెట్టు పెట్టుకుని నిలబడి ఉంది.

"ముట్టుకున్నావంట."

"ముట్టుకోకపోతే మనందరం చిప్ప పట్టుకునేవాళ్లం అత్తయ్యా."

"సిప్పో సేటో తరవాత సూద్దాం. ముందు తానం సెయ్యి."

చేశాను. వాదించే ఓపిక లేదు. పొద్దున్న నాలుగింటికి లేచిన ఒళ్లది, నీళ్లు పడితే హాయిగానే ఉంది. బావగారు కూడా బావి దగ్గర తలస్నానం చేసి, అన్నం తినకుండా పడుకున్నారు.

మర్నాడు గొట్టంలో టర్బైనుకి ముందుండే జల్లెడ విప్పారు. అది ఒకచోట చిరిగి ఉంది. దాని ముందు చేపపొలుసుల్లాంటి నల్ల పెచ్చులు కుప్పగా పడి ఉన్నాయి. ఆ చిరుగులోంచి టర్బైనులోకి దూరినవి కొద్దే. టర్బైను మూత ఎత్తి బ్లేడ్లు చూశారు, బాగానే ఉన్నాయి. ఇంకాసేపు చక్రం తెరిచే ఉంటే ఏమై ఉండేదో ఎవరూ పైకి అనలేదు. కానీ ఫ్యాక్టరీ ఇంకొన్ని రోజులు ఆగిపోయింది కదా, ఎవర్నో ఒకర్ని నిలబెట్టి అడగాలి. ఎర్ర బొత్తాం నొక్కే హక్కు ఆపరేటర్లదే, ఇన్‌స్ట్రుమెంటు వాళ్లది కాదు. నన్ను పిలిచారు.

పెద్ద ఇంజినీరు గదిలో ముగ్గురు కూర్చున్నారు. తలుపు పక్కన బావగారు, నానా నిలబడి ఉన్నారు. పెద్ద ఇంజినీరు అడిగాడు, "గీత లేచినప్పుడు ఆపరేటర్ని హెచ్చరించావా?"

"హెచ్చరించానండి."

"ఎలా?"

"చెప్పానండి. గీత లేస్తోందని చెప్పండి అన్నాను."

"చెప్పండి అంటే? ఎవరు ఎవరికి చెప్పాలి? అక్కడ ఇంకెవరున్నారు?"

"ఎవరూ లేరండి."

"మరి ఎవరితో అన్నావమ్మా?"

"గోడతో" అన్నాను. ముగ్గురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. పైకి నవ్వితే బాగుండేది. నాకు ఏడుపొచ్చింది, ఏడుపు కన్నా ఎక్కువ ఒళ్లు మండింది. తరవాత ఆయన్నే పిలిచి కేకేశానని చెప్తే, మరి ఆయనెందుకు ఆపలేదని అడుగుతారు. కేకెయ్యలేదని చెప్తే నా ఉద్యోగం పోతుంది. రెండు జీతాల్లో ఏది పోవాలో నన్నే ఎంచమన్నట్టయింది.

బావగారు పెద్ద ఇంజినీరు పెదాల వంకే చూస్తున్నారు. నేను ఎప్పుడూ ఆయన ముఖం అంత సేపు చూడలేదు కాబట్టి, ఆయన మనుషుల పెదాలనే చూస్తారని నాకు తెలియదు. ముందుకొచ్చారు. రెండు చెవుల్లోంచి దూది తీసి బల్ల మీద పెట్టారు.

"అమ్మాయి సెప్పే ఉంటాది సార్. అరిసే ఉంటాది. నాకే ఇనబడదు. శానా ఏళ్లయినాది. దూది ఉన్నా లేకపోయినా నాకు ఒకటే."

"ఇన్నాళ్లు ఎలా నడిపావయ్యా?"

"మిసన్ని కాళ్లతో ఇంటాను సార్. నేల అదురుతాది. మనుసుల మాట ఈడు సెప్పీవోడు" అని నానా వైపు చూపించారు. నానా తలదించుకున్నాడు. అతనికి ముందే తెలుసు. అందుకే ఎప్పుడూ ఎదటికెళ్లి, ముఖం చూపించి, నోరు పెద్దగా తెరిచి చెప్పేవాడు. నేనేమో అదంతా నా కోసం, మా ఆచారం కోసం చేస్తున్నాడనుకున్నాను. ఇంట్లో ఎలా దాగిందంటారా? అత్తగారి గొంతు వీధి చివరకి వినబడుతుంది. మా ఆయన అన్న ఎదట నిలబడి నెమ్మదిగా చెప్పే మనిషి. ముఖం తిప్పుకుని మాట్లాడేదాన్ని నేనొక్కదాన్నే. ఆయనకి వినబడదని కనిపెట్టగలిగినదాన్నీ నేనొక్కదాన్నే. కానీ ఆయన్నుంచి నాకు జవాబు నేరుగా రాకూడదు కదా, ఇక ఏం కనిపెడతాను?

నన్నేమీ అనలేదు. బావగారికి వైద్యపరీక్ష చేయించి, టర్బైను దగ్గర్నుంచి తప్పించి, ఆ ఏడాదే ఇంటికి పంపించేశారు. ఆయన ఉద్యోగాన్ని ఆయన చేత్తోనే తెగ్గొట్టుకున్నారు, నా కోసం.

ఒక జీతం తగ్గింది. పని పెరిగింది. నేను ఒక్కదాన్నే బస్సెక్కేదాన్ని, ముందు సీట్లో ఎవరో కూర్చునేవారు. టర్బైను దగ్గరకి వేరే ఊరి నుంచి కుర్ర ఆపరేటరొచ్చాడు, అతనితో నేరుగా మాట్లాడేదాన్ని. మెడనెప్పి తగ్గింది. గీత లేచినప్పుడల్లా చెప్పాను, అతను విన్నాడు. ఆ తరవాత ఉన్నన్నాళ్లూ ఒక్క బ్లేడుకి దెబ్బ తగలనివ్వలేదు. ఇదేదో గొప్పకి చెప్పడం లేదు. అదే నా పని, అందుకే జీతమిచ్చేవారు.

బావగారు వీధి అరుగు మీద కూర్చునేవారు. నేను బస్సు దిగి సందులోకి తిరిగేసరికి నా నడక వంక చూసేవారు. ఆయనకి అడగాలనీ ఉండేది, అడగకూడదనీ ఉండేది. కొన్నాళ్లకి మా ఆయన్ని అడిగించారు. "గీత ఎలాగుందని అడుగుతన్నాడే అన్నయ్య." "బాగుందని చెప్పండి." అలా మళ్లీ మొదలైంది. రోజూ అదే ప్రశ్న, అదే జవాబు. నాకు విసుగొచ్చేది కూడా. రోజంతా ఆ గీత మొహం చూసొచ్చి, ఇంటికొచ్చీ దాని క్షేమసమాచారాలేనా అనిపించేది. కానీ ఆయనకి ఇంకేముంది?

కొన్నేళ్లకి ఒకరోజు యజమానుల మనిషి మళ్లీ వచ్చాడు. పాతాయన కాదు, ఇంకొకాయన. అందర్నీ వరసగా నిలబెట్టి, పవర్‌హౌసు ఈ నెలతో మూసేస్తున్నామని చెప్పాడు. బయట నుంచి కరెంటు కొనుక్కుంటే ఇంతకన్నా చవకట. మధ్యాహ్నం ఆవిరి కట్టేశారు. టర్బైను తిరగడం ఆగిపోయేదాకా నేనూ నానా అక్కడే నిలబడ్డాం. ఆగడానికి చాలాసేపు పట్టింది.

ఇంటికొచ్చేసరికి మా ఆయన కొట్టులో ఉన్నాడు. బావగారు అరుగు మీదున్నారు. నా నడక ఎలా కనబడిందో ఏమో, లేచి నిలబడ్డారు. మధ్యన మనిషి లేడు. ఆయనే అడిగారు, నన్నే, నేరుగా.

"గీత లేసిందేటమ్మా?"

నేను అలవాటుగా ముఖం తిప్పుకుని, "లేదు. మూసేశారు" అన్నాను.

"ఏటి?"

"మూసేశారండి."

ఆయన నా ముఖం కోసం పక్కకి వంగి చూస్తున్నారు, నేనింకా తిప్పుకుంటున్నాను. లోపల మంచం మీంచి అత్తగారి గొంతు వినబడింది. ఆవిడ లేవలేని స్థితిలో ఉంది అప్పటికి.

"ఎదట నిలబడి గట్టిగా సెప్పవే! ఆడికి ఇనబడదని తెల్దా నీకు?"

ఎదట నిలబడ్డాను. ఆయన కళ్లలోకి చూశాను. "బావగారూ! మన పవర్‌హౌసు మూసేశారు! టర్బైను ఆపేశారు!" అని అరిచాను. ఎదురింటివాళ్లు బయటికొచ్చారు. పక్కింటి ఒడియా ముసలమ్మ గుమ్మం ముందు పావంచా మెట్టు మీద నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆయనకి అర్థమైంది. స్తంభం పట్టుకుని మెల్లగా కూర్చున్నారు.

"బ్లేడ్లు పోనాయా?"

"లేదు! బాగున్నాయి!"

"ఒక్కటి కూడా సెడలేదా?"

"ఒక్కటి కూడా!"

కాసేపు నా పెదాల వంకే చూశారు, ఇంకేదో చెప్తానని.

"అన్నీ బాగుంటే మరెందుకాపీసినారమ్మా?"

జవాబు నాకు తెలుసు. బయట కరెంటు చవగ్గా వస్తోందట, మనం బాగా చూసుకున్నామా లేదా అన్నది వాళ్లు అడగనే లేదు. ఆ నాలుగు మాటలు వీధిలో నిలబడి, ఆయన ముఖంలోకి చూస్తూ, అరిచి చెప్పే ఓపిక నాకు లేకపోయింది.